ఈ అట్ట బాతుని చూసి నవ్వండి, పర్లేదు

(బొమ్మల డిజైన్ నేర్చుకోవడానికి వచ్చిన కొత్త బ్యాచ్‌తో మొదటిరోజు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎలాగూ మధ్యాహ్నానికల్లా అందరం నేలమీదే కూర్చుంటాం.

ముందు ఇది చూడండి. నా చేతిలో ఉన్నది ఏమిటి? చెప్పండి. ఒంటె? ఇంకెవరో కుక్కర్ అన్నారు, బాగుంది. ఇది బాతు. నవ్వండి, పర్లేదు. ఈ బాతుని చూసి నవ్వనివాళ్ళు నాకు ఇంతవరకూ కనబడలేదు. పాత అట్టపెట్టె కోసి చేశాను. ఇరుసులు వెదురు పుల్లలు. ఇరుసు తిరిగే గొట్టం స్ట్రా ముక్క. ముక్కు దగ్గర ఈ మరక జిగురుది. తాడు కట్టి లాగితే తల పైకీ కిందకీ ఊగుతుంది. ఊగాలి. ఊగిందా లేదా అన్నది తర్వాత చెబుతాను, అదే పెద్ద కథ.

దీన్ని ఎందుకు తెచ్చానంటే, నేను చేసిన బొమ్మలన్నిట్లో ఎక్కువ నేర్పింది ఇదే. అందంగా పాలిష్ పెట్టినవి, రంగులు వేసినవి ఇంట్లో చాలా ఉన్నాయి. వాటిని చూస్తే జనం "బాగుంది" అంటారు, అంతే. దీన్ని చూస్తే "చక్రం వంకరగా ఉందేంటి", "తల ఎందుకు ఇరుక్కుంటోంది" అంటారు. నాకు కావలసింది ఆ మాటలే. అందంగా ఉన్న వస్తువుకి ఎవరూ తప్పు చెప్పరు, మొహమాటపడతారు. అట్టముక్కకి మొహమాటం ఎవరికి?

సరే. మీలో చాలామంది నోట్‌బుక్కుల్లో బొమ్మలు గీసుకుని వచ్చారు. పొద్దున తిరగేసి చూశాను. ఏనుగులు, రాకెట్లు, రోబోలు, ఒక డైనోసార్ అయితే నిజంగా అద్భుతంగా గీశారు. ఎవరిది? నీదా అమ్మా? గీత చాలా బాగుంది. కానీ ఒక మాట అడుగుతాను, బాధపడకు. ఆ డైనోసార్‌తో పిల్లలు ఏం చేస్తారు?

ఆడుకుంటారు. సరే, ఆడుకోవడం అంటే? లాగుతారా, నెడతారా, పేరుస్తారా, కూలుస్తారా, దాస్తారా, వెతుకుతారా, విసురుతారా, విప్పుతారా? చూశారా, అందరూ ఆలోచనలో పడ్డారు. అదే అసలు ప్రశ్న. డైనోసార్ అన్నది పేరు. పిల్లలు ఆడేది క్రియతో. "కూల్చడం" అన్న మాట పట్టుకుని మొదలుపెట్టండి, అది గోడ అవుతుందో, కోట అవుతుందో, డైనోసార్ అవుతుందో చివర్లో చూసుకోవచ్చు. డైనోసార్‌తో మొదలుపెట్టారనుకోండి, చివరికి అది అల్మారాలో నిలబడే విగ్రహం అవుతుంది. చాలాసార్లు అయింది, నా అల్మారాలోనే ఉన్నాయి.

తర్వాత వయసు. ఏడాదిన్నర పిల్లాడు "కూల్చడం" అంటే ఒక్క దెబ్బ కొట్టి నవ్వుతాడు, మళ్ళీ పేర్చమని మీ మొహం చూస్తాడు. ఆరేళ్ళ పిల్ల ఒక్కో ముక్క లాగుతూ, ఎప్పుడు పడుతుందా అని ఊపిరి బిగబట్టుకుంటుంది. క్రియ ఒకటే, బొమ్మ మాత్రం పూర్తిగా వేరు. చిన్నపిల్లలకి వేళ్ళ కొసలతో చిన్న వస్తువు పట్టుకోవడం సుమారు తొమ్మిది, పది నెలల దగ్గర వస్తుంది. అంతకుముందు అరచేత్తోనే పట్టు. ఆ వయసుకి సన్నటి పిడి పెట్టారంటే మీరు డిజైన్ చేసింది మీ కోసం.

ఇక నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి? కంప్యూటర్ దగ్గర అని చాలామంది అనుకుంటారు. త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, అవసరమే, నేను కాదనను. కానీ అందులో రెండు విషయాలు కనబడవు: బరువు, రాపిడి. తెరమీద చక్రం ఎప్పుడూ తిరుగుతుంది. ఇక్కడ తిరగదు. ఎందుకు తిరగదో చెయ్యికి తెలియాలి. ఆ తెలివి వేళ్ళలోకి రావాలంటే అట్ట, స్ట్రాలు, పుల్లలు, సీసా మూతలు, రబ్బరు బ్యాండ్లు, ఇవి చాలు. సైకిల్ వాల్వ్ ట్యూబ్ అని సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది కదా, దాన్ని చిన్న ముక్కలుగా కోసి అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టే పద్ధతి ఒకటుంది. పారేసే వస్తువులతో బొమ్మలు చేసి సైన్సు నేర్పే అరవింద్ గుప్తా గారు దాన్ని ఎంతోమంది పిల్లలకి నేర్పారు. చదరం కట్టి నొక్కండి, వాలిపోతుంది. త్రికోణం కట్టి నొక్కండి, కదలదు. పది నిమిషాల పని. కానీ ఆ తర్వాత మీరు ఏ బొమ్మకి కాళ్ళు పెట్టినా ఆ చదరం గుర్తుకొస్తుంది.

రెండో పని విప్పడం. పాత బొమ్మలు దొరికితే విప్పండి. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే కారు ఉంటుంది కదా, అందరం ఆడినదే. మీలో ఎంతమంది దాన్ని విప్పి చూశారు? ముగ్గురు. మిగతావాళ్ళు ఇవాళే విప్పండి. నాలుగు వేళ్ళ దూరం వెనక్కి లాగుతారు, అది గదంతా పరిగెత్తుతుంది. అంత శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎక్కడినుంచీ రాలేదు, మీ చెయ్యి ఇచ్చినదే. లోపల చుట్ట స్ప్రింగ్ ఉంటుంది. వెనక్కి లాగినప్పుడు ఒక గేరు దారిలో అది చుట్టుకుంటుంది. ముందుకి వెళ్ళేటప్పుడు ఒక గేరు కాస్త జరిగి, శక్తి వేరే దారిలో చక్రానికి చేరుతుంది. వెనక్కి కొద్ది దూరం గట్టిగా లాగడం, ముందుకి చాలా దూరం తేలిగ్గా పోవడం. బేరం అది. స్ప్రింగ్ విడిపోయాక చక్రాలని పట్టుకోకుండా వదిలేస్తుంది, అందుకే కారు ఇంకాస్త దూరం దానంతటదే జారుతూ పోతుంది. అదే సైజు కారుని నాలుగైదుసార్లు నేలకి రుద్ది వదిలే రకం ఇంకొకటుంది. అందులో స్ప్రింగ్ ఉండదు, బరువైన చిన్న ఇనప చక్రం ఉంటుంది. రుద్దినప్పుడల్లా గేర్లు దాన్ని ఇంకా ఇంకా వేగంగా తిప్పుతాయి. పైకి చూస్తే రెండూ కార్లే. లోపల రెండు వేరే ప్రపంచాలు.

విప్పేటప్పుడు స్ప్రింగ్ మొహం మీదకి ఎగురుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. ఇది జోకు కాదు.

ఇప్పుడు ప్రోటోటైప్. ఈ మాట అందరూ వాడతారు. ప్రోటోటైప్ అంటే ఏమిటి? మొదటి బొమ్మా? చిన్న బొమ్మా? చవక బొమ్మా? నా దృష్టిలో అసలు అది బొమ్మ కాదు, ఒక ప్రశ్న. ఒక ప్రోటోటైప్‌కి ఒక ప్రశ్న. "తల ఊగుతుందా?" అన్నది ఒక ప్రశ్న. "పిల్ల చేతికి పిడి సరిపోతుందా?" ఇంకో ప్రశ్న. "చూడ్డానికి ముచ్చటగా ఉందా?" అది మరో ప్రశ్న. మూడిటికీ మూడు వేరే వస్తువులు చేయండి. పని చేసేది ఒకటి, దాని మొహం ఎలా ఉన్నా సరే. కనిపించేది ఒకటి, అది కదలకపోయినా సరే. రెండూ ఒకదాంట్లోనే చెయ్యాలని చూస్తే ఏమవుతుందంటే, రంగు వేసిన తర్వాత బెజ్జం తప్పని తెలుస్తుంది. అప్పుడు రంగు పాడవుతుందని బెజ్జం మార్చరు. మనసొప్పదు. నాకూ ఒప్పలేదు.

రూబిక్ క్యూబ్ సంగతి చూడండి. 1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ దాన్ని చేసినప్పుడు ఆయన ముందున్న ప్రశ్న పజిల్ కాదు. ముక్కలు విడివిడిగా తిరగాలి, మొత్తం మాత్రం ఊడిపోకూడదు, ఎలా? అంతే. చెక్క ముక్కలు తీసుకుని రబ్బరు బ్యాండ్లతో కట్టి చూశారు. తిప్పుతుంటే బ్యాండ్లు తెగిపోయాయి. తెగినందువల్ల తెలిసిందేమిటి? బయటినుంచి కట్టి పట్టుకుంటే కుదరదు, ముక్కలే ఒకదాన్నొకటి పట్టుకోవాలి అని. లోపలి ఆకారం అలా వచ్చింది. అది రంగులు కలిసిపోయే పజిల్ అని ఆ తర్వాత తెలిసింది, తను చేసినదాన్ని తనే సర్దడానికి ఆయనకి నెల పైనే పట్టింది. ఆయన మొదటే అందమైన పెట్టె చేయించి ఉంటే ఏమయ్యేది? ఆ బ్యాండ్లు తెగేవి కావు. అసలు ఆ బ్యాండ్లే ఉండేవి కావు.

లెగో ఇటుకలూ అంతే. 1949లో లెగో కంపెనీ వాళ్ళు చేసిన ప్లాస్టిక్ ఇటుకలకి పైన బొడిపెలు ఉన్నాయి, లోపల డొల్ల. పేర్చడానికి పేర్చొచ్చు, కానీ పట్టు తక్కువ. లోపల గొట్టాలు పెట్టి, బొడిపె ఆ గొట్టానికీ గోడకీ మధ్య బిగుసుకునేలా చేసి పేటెంట్‌కి దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. తొమ్మిదేళ్ళు. పిల్ల చేతికి ఊడేంత వదులు, ఎత్తితే ఊడనంత బిగువు. ఈ రెండిటి మధ్య ఉండే సన్నటి చోటు కోసం తొమ్మిదేళ్ళు. మీ మొదటి మూత సరిగ్గా పట్టకపోతే రేపు సాయంత్రం దిగులుపడతారు చూడండి, అప్పుడు ఇది గుర్తుచేస్తాను.

సరే, ఇప్పుడు బాతు కథ.

తల ఎలా ఊగుతుందో ముందు చెప్పాలి. ఇరుసు మధ్యలో గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంది, దగ్గరున్నవాళ్ళకి కనబడుతుంది. దానికి బెజ్జం సరిగ్గా నడిమధ్యలో లేదు, 5 మిల్లీమీటర్లు పక్కకి పెట్టాను. దీన్ని క్యామ్ అంటారు. తల ఒక పుల్లకి అంటించి ఉంది, ఆ పుల్ల నిలువుగా ఉన్న స్ట్రాలోంచి దిగి ఈ బిళ్ళ మీద ఊరికే ఆని ఉంటుంది. చక్రం తిరిగితే బిళ్ళ తిరుగుతుంది, పుల్ల పైకి లేస్తుంది, కిందకి దిగుతుంది. ఎంత లేస్తుంది? బెజ్జం 5 మిల్లీమీటర్లు పక్కకి పెడితే తల 10 మిల్లీమీటర్లు ఊగుతుంది. రెట్టింపు. ఎందుకో కాగితం మీద ఒక వృత్తం గీసుకుంటే మీకే తెలుస్తుంది, ఇప్పుడు చెప్పను.

ఇంట్లో నేను లాగి చూశాను. గది ఈ చివరినుంచి ఆ చివరికి, నడుచుకుంటూ. తల ఎంత ముచ్చటగా ఊగిందో. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఎదురింటి పాపని పిలిచాను, మూడేళ్ళుంటాయి. తాడు చేతికిచ్చాను.

పాప నడవలేదు, పరిగెత్తింది.

మూడేళ్ళ పిల్లకి తాడు ఇస్తే నడుస్తుందని ఎలా అనుకున్నానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరిగెత్తగానే తల ఊగడం మానేసింది. పైకి లేచి అక్కడే వణుకుతూ టకటకటక కొట్టుకుంది. మలుపు దగ్గర ఊడి సోఫా కిందకి పోయింది. పాప ఆగలేదు. తల లేని బాతుని లాక్కుంటూ ఇంకో రెండు చుట్లు తిరిగింది.

ఎందుకలా అయింది? ముందు జిగురు తప్పనుకున్నాను. పుల్ల వంకరేమో అనుకున్నాను. రెండు రోజులు గరుకు కాగితం పట్టి రుద్దాను. రాపిడి తగ్గింది, జబ్బు తగ్గలేదు. తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. వేయాల్సింది మొదటే.

చక్రం వ్యాసం 50 మిల్లీమీటర్లు. ఒక చుట్టు తిరిగితే సుమారు 157 మిల్లీమీటర్లు ముందుకి పోతుంది. పాప సెకనుకి 2 మీటర్లు పరిగెత్తిందనుకుందాం. చక్రం సెకనుకి 12 సార్లకి పైగా తిరగాలి. అంటే సగం చుట్టుకి సెకనులో వందో వంతులు నాలుగు మాత్రమే, 0.04 సెకను. ఆ సగం చుట్టులోనే తల 10 మిల్లీమీటర్లు కిందకి పడాలి. దాన్ని కిందకి లాగేది ఎవరు? ఎవరూ లేరు, దాని బరువే. ఏ వస్తువైనా సరే 10 మిల్లీమీటర్లు పడడానికి సుమారు 0.045 సెకను పడుతుంది. భూమి అంతకంటే తొందరగా లాగదు. తల దిగేలోపే బిళ్ళ మళ్ళీ పైకి వచ్చేసి తంతోంది. అదీ ఆ టకటక. బరువు పెంచితే సరిపోతుందా? అడుగుతున్నాను, చెప్పండి. ఎవరో అవునంటున్నారు. సరిపోదు. బరువైనదీ తేలికైనదీ ఒకే వేగంతో పడతాయి. నేనూ తలకి ఒక నట్టు కట్టి చూశాను లెండి, సిగ్గేమీ లేదు. అదే టకటక, కాస్త గట్టిగా.

మరి దారి ఏమిటి? మూడున్నాయి. చక్రం పెద్దది చేస్తే అదే పరుగుకి తక్కువసార్లు తిరుగుతుంది. 80 మిల్లీమీటర్ల చక్రమైతే సెకనుకి ఎనిమిది చుట్లు, పడడానికి కాస్త టైమ్ దొరుకుతుంది. బెజ్జం తక్కువ పక్కకి పెడితే తల తక్కువ ఊగుతుంది, తక్కువ దూరం పడితే చాలు. లేదా భూమి మీద భారం వేయడం మానేసి క్రాంక్ పెట్టడం. ఇరుసునే వంచి, పుల్లని దానికి తగిలించడం. అప్పుడు పైకి నెట్టేదీ అదే, కిందకి లాగేదీ అదే. నేను క్రాంక్ పెట్టాను. ఎంత వేగంగా లాగినా తల చక్కగా ఊగింది. మళ్ళీ పాపని పిలిచాను.

పాప రెండు అడుగులు పరిగెత్తి ఆగింది. బాతుని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. "చప్పుడేదీ?" అంది.

ఇప్పుడు చెప్పండి, నేనేం చేయాలి? నేను రోగం అనుకున్నది తన దృష్టిలో ఆట. పరిగెత్తితే టకటక వస్తుంది, ఆగితే ఆగుతుంది. ఆ చప్పుడు తన కాళ్ళలోంచి వస్తున్నట్టు ఉంది. తల ఊగడం తను చూడనే లేదు. పరిగెత్తేటప్పుడు వెనక్కి తిరిగి చూడదు కదా! లాగే బొమ్మ అంటే వెనక ఉండేది. వెనక ఉన్నదాన్ని చూడలేం, వినగలం. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు, మూడేళ్ళ పిల్ల చెప్పింది.

మళ్ళీ క్యామ్ పెట్టాను. ఈసారి పుల్ల పైకి జారిపోకుండా చిన్న అడ్డు పెట్టి, అడుగున చెక్క ముక్క పెట్టాను, చప్పుడు బాగా రావడానికి. మీరు చూస్తున్నది అదే. ఇది ఏడోదో ఎనిమిదోదో. మొదటిదాని తల సోఫా కిందే పోయింది.

పిల్లలతో ఆడించి చూడడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరూ అక్కడే పాడు చేస్తారు. బొమ్మ ఇవ్వండి, నోరు మూసుకోండి. మొత్తం పద్ధతి అంతే, అదే చాలా కష్టం. పాప తలకిందులుగా పట్టుకుంటుంది, మీ నోరు దురదపెడుతుంది: "అలా కాదమ్మా, ఇలా". అన్నారంటే ఆ రోజు పరీక్ష అయిపోయినట్టే. బొమ్మ పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోండి. మీరు ప్రతి ఇంటికీ వెళ్ళి "అలా కాదమ్మా" అని చెప్పలేరు కదా. అమ్మానాన్నలని కూడా పక్క గదిలో కూర్చోబెట్టండి, వాళ్ళు మనకంటే ఎక్కువ చెబుతారు.

"నచ్చిందా?" అని అడగొద్దు. పిల్లలు చాలా మర్యాదస్తులు. నచ్చిందంటారు. కాగితం మీద రాసుకోవలసింది వేరే: ముందు ఎక్కడ పట్టుకుంది, ఎంతసేపటికి వదిలేసింది, వదిలేశాక మళ్ళీ వచ్చిందా, మనం అనుకోనిది ఏం చేసింది. "సంతోషపడింది" అని రాయకండి. "చక్రాన్ని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది" అని రాయండి. మొదటిది మన ఊహ, రెండోది జరిగినది. వీలైతే అదే పిల్లలకి వారం తర్వాత మళ్ళీ ఇవ్వండి. కొత్త వస్తువంటే మొదటిరోజు అందరూ ఎగబడతారు, రెండోసారే అసలు సంగతి తెలుస్తుంది.

లానీ జాన్సన్ అనే ఇంజినీరు 1982లో ఇంట్లో నీళ్ళతో పనిచేసే హీట్ పంప్ మీద ప్రయోగాలు చేస్తుంటే, బాత్‌రూమ్‌లో నాజిల్‌లోంచి నీటి ధార జివ్వుమని కొట్టింది. ఇది బొమ్మకి బాగుంటుందే అనుకున్నాడు. ప్లాస్టిక్ గొట్టాలు, అక్రిలిక్ ముక్కలతో నీళ్ళ తుపాకీ ఒకటి చేసి తన చిన్న కూతురికి ఇచ్చాడు. మిగతా పిల్లల తుపాకులు దాని ముందు దిగదుడుపే అయ్యాయి. ఆయన అంతరిక్ష నౌకల మీద పనిచేసినవాడు. కానీ ఆ బొమ్మ ఆడుతుందో లేదో తేల్చింది వీధిలో ఆ పిల్ల. తర్వాత అది అంగడికి చేరడానికి 1990 దాకా పట్టింది, కంపెనీల చుట్టూ తిరగడం అదంతా వేరే కథ, ఇవాళ వద్దు.

చేసే పని గురించి కొన్ని మాటలు. వీటికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, చేస్తే వస్తాయి. రెండు వస్తువులు ఒకదానిలో ఒకటి తిరగాలంటే మధ్య ఖాళీ కావాలి. 6 మిల్లీమీటర్ల ఇరుసుకి 6 మిల్లీమీటర్ల బెజ్జం పెడితే అది ఇరుసు కాదు, మేకు. త్రీడీ ప్రింటర్‌లో అయితే ఒక్కో పక్క 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు వదిలి చూడండి, పైగా బెజ్జాలు మనం గీసినదానికంటే చిన్నగానే వస్తాయి. మెషీన్‌కి మెషీన్‌కి తేడా ఉంటుంది. అందుకే బొమ్మ ప్రింట్ చేసేముందు వరసగా ఐదారు బెజ్జాలున్న చిన్న పట్టీ ప్రింట్ చేసి, ఏది సరిపోయిందో దానిమీదే పెన్నుతో రాసి గోడకి తగిలించండి. నిలువుగా ప్రింట్ చేసిన సన్నటి పుల్లలు పొరల దగ్గర పుటుక్కుమంటాయి, వాటిని పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. లేజర్‌తో కోస్తే ఆ కోత కూడా కొంత చెక్కని తినేస్తుంది. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని రాసి ఉన్నది సరిగ్గా 3 ఉంటుందని నమ్మకండి, వెర్నియర్ పెట్టి కొలవండి. నేను ఒకసారి నమ్మి, నలభై ముక్కలు కోయించాను. ఒక్కటీ గాడిలో దూరలేదు.

ఇప్పుడు కాస్త సీరియస్‌గా వినండి. ఫోన్లు పక్కన పెట్టండి.

మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలు పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది. లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒక పక్క 25.4, ఇంకో పక్క 57.1. చిన్నపిల్లల గొంతుని దృష్టిలో పెట్టుకుని పెట్టిన కొలత. బొమ్మగానీ, దాంట్లోంచి ఊడిన ముక్కగానీ నొక్కకుండా పూర్తిగా అందులో పట్టిందంటే ఆ వయసుకి అది పనికిరాదు. గమనించండి, ఊడిన ముక్క అన్నాను. మీరు చేసిన బాతు పెద్దదే. దాని కన్ను? చక్రం చివర మూత? కింద పడేస్తారు, లాగుతారు, కొరుకుతారు. ఆ తర్వాత ఏం ఊడింది అన్నదే లెక్క. ఇవాళ్టి నుంచి మీ బల్ల మీద అలాంటి గొట్టం ఒకటి ఉండాలి, అట్టతోనైనా చేసుకోండి. అట్ట గొట్టంలో పట్టినది మెషీన్ దాకా తీసుకెళ్ళక్కర్లేదు.

ఇంకా రెండు. చిన్న అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు. ఒక అయస్కాంతం మింగాక ఇంకోటి మింగితే అవి పేగుల గోడల అవతల, ఇవతల నుంచి ఒకదాన్నొకటి పట్టుకుని మధ్యలోది నలిపి చిల్లు పెడతాయి. బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. ప్రోటోటైప్ కదా, టేపు వేసి ఇచ్చేద్దాం అనుకోకండి. ప్రోటోటైప్ ఆడేదీ నిజం పిల్లే. బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి, ఆ రోజు నుంచే. మడత బందులు పెడితే వేలు నలిగే సందు చూసుకోండి. 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరిందంటే 12 మిల్లీమీటర్లదీ దూరాలి. అంటే వేలు అసలు దూరకూడదు, లేదా దూరినా నలగనంత చోటుండాలి. నా క్రాంక్ బాతు అందులో తప్పింది. చప్పుడు ఒక్కటే కాదు, వంచిన ఇరుసు దగ్గర వేలు పెడితే నొక్కేది. తాడు పొడవుకీ పరిమితి ఉంటుంది, మెడకి చుట్టుకోకుండా. ఐఎస్ఓ 8124 అని బొమ్మల భద్రత మీద అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దేశానికో నియమావళీ ఉంటుంది. రంగు కొనేముందు వాటిని చదవండి, కొన్నాక కాదు.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పు బాబూ.

మోటార్లు, లైట్లు, సెన్సార్లు ఎప్పుడు నేర్పుతారని అడుగుతున్నాడు. మూడో వారంలో. ఎందుకంత ఆలస్యం అనే కదా? చిన్న మోటారు ఒకటి బ్యాటరీకి తగిలించి చూడు. నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, వేలు ఆనిస్తే ఆగిపోతుంది. వేగం ఉంది, బలం లేదు. దాన్ని బాతు మెడకి పనికొచ్చేలా చేయాలంటే మధ్య గేర్లు కావాలి, గేర్ల లెక్క రావాలి, రాపిడి తెలియాలి. అవి చేత్తో తిప్పే బొమ్మ దగ్గర నేర్చుకుంటే మోటారు ఒక పూటలో వచ్చేస్తుంది. ఇంకో భయం కూడా ఉంది నాకు, నా అభిప్రాయమే అనుకోండి. బటన్ నొక్కగానే బొమ్మ పాడి, ఆడి, వెలిగితే, ఆడుతున్నది బొమ్మ. పిల్ల ప్రేక్షకురాలు. అన్ని బ్యాటరీ బొమ్మలూ అంతే అని అనను, మంచివీ చూశాను. కానీ సెన్సార్ పెట్టేముందు ఇందాకటి ప్రశ్న మళ్ళీ వేసుకో: పిల్ల ఏం చేస్తుంది?

ఇంకెవరో డ్రాయింగ్ రాదన్నారు పొద్దున. నాకూ రాదు. ఈ బాతుని చూశాక ఆ అనుమానం మీకు ఉండకూడదు.

సరే, చాలు. కుర్చీలు గోడ వైపు జరపండి. బల్ల మీద అట్టలు, పుల్లలు, స్ట్రాలు ఉన్నాయి, ఒక్కొక్కరికి ఒకే కట్టర్. కోసేటప్పుడు మీ వైపుకి కాదు, బయటికి. సాయంత్రం లోపు ఒక చక్రం తిరిగితే ఏదో ఒకటి కదలాలి, ఏది కదిలినా సరే. జంతువు పేరు మాత్రం ఎవరూ చెప్పకూడదు. రేపు పదింటికి ఐదుగురు పిల్లలు వస్తున్నారు, వాళ్ళే పేరు పెడతారు. ఈ బాతుని ఆ చివరి దాకా చేతులు మార్చండి, లాగి చూడండి, నడుస్తూ కాదు. చక్రం ఊడితే కంగారుపడకండి, గ్లూ గన్ కిటికీ దగ్గర ఉంది.